ఆకుకూర, వెనిగరు, జయణ



ఈ సంచికలో పెద్దలు రత్నత్రయమును గూర్చి, కర్మసిద్ధాంతమును గూర్చి వ్రాయుదురు. నేను అంగడివాడను, నా చదువు హైస్కూలుతో ఆగినది. కావున వంటింటి గడప దాటని ఒక సంగతినే ఎత్తుకొంటున్నాను. ఆకుకూరను ఎట్లు కడగవలెను?

ఇంతేనా అని ఎవరైనా నవ్వినచో, ఇరియావహియ సూత్రమును జ్ఞాపకం చేసుకొనవలెను. సామాయికమునకు కూర్చొనునపుడు మనము చెప్పుకొనునదే. నడకలో తొక్కిన గింజకు, పచ్చికకు, మంచుబొట్టుకు, చీమలపుట్టకు, బూజుకు సైతం అందులో పేరుపేరునా క్షమాపణ కలదు. పచ్చి ఆకును కాలితో తొక్కినందుకే అంత చెప్పుకొనే మనము, దానిని కత్తిపీట దగ్గరకు తెచ్చునపుడు కొంచెం నిలిచి చూచుట న్యాయమే.

ఇటీవల మన ఇండ్లలో ఒక కొత్త పద్ధతి వచ్చినది. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి, అందులో కొంచెం వెనిగరు కలిపి, ఆకులను పది నిమిషములు నానవేయుదురు. పురుగు, పుట్ర అన్నీ చచ్చి తేలునట, రోగములు రావట. చెన్నైలో చదివే పిల్లలు సెలవులకు వచ్చునపుడు పచ్చి ఆకుల సలాడుతో పాటు ఈ సీసాను కూడా వెంట తెస్తున్నారు. (పిల్లలు ఆకుకూర తినుటే గొప్ప అని తల్లులు సంతోషించుట కూడ చూస్తున్నాను. దానిని తప్పు పట్టను.)

మన పెద్దలు సిర్కా అని విడిచిపెట్టినది ఈ వెనిగరే. తీపిరసము పులిసి ముందు మద్యమగును, ఆ మద్యము మరల పులిసి ఆమ్లమగును. మద్యము మహావిగయి అని మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. అయితే అంగళ్ళలో చౌకగా దొరకు సీసా మీద చీటీ చదివితే, అది ఎసిటిక్ ఆమ్లమును నీళ్ళలో కలిపి చేసిన సింథటిక్ వెనిగరు అని అచ్చువేసి ఉండును. దానికి పులిసిన దోషము లేదని వాదించువారు కలరు. ఆ వాదము మునిమహారాజులకు వదలుతాను. నా ప్రశ్న వేరు. ఆ సీసాను మనము ఎత్తునది దేనికొరకు? చంపుటకే గదా!

గృహస్థుని హింసను పెద్దలు సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు విధములుగా చెప్పినారు. వంట, ఊడ్పు, నూర్పులలో ఎంత జాగ్రత్తపడినా జరిగిపోవునది ఆరంభి. తలపెట్టి చేయునది సంకల్పి. కదలాడే త్రసజీవుల ఎడ సంకల్పి హింసను విడుచుటయే శ్రావకుని మొదటి అణువ్రతము. ఆకు అడుగున ఉన్న పచ్చపురుగు త్రసజీవియే. దానికి రెండు ఇంద్రియములకు తక్కువ లేవు. చూచి, తీసి, పెరటిలో విడువగల పురుగును చూడకుండ పుల్లనీళ్ళలో ముంచి, తేలిన తరువాత కాలువలో పారబోయుట ఆరంభి పద్దులో వ్రాయదగిన ఖర్చు కాదు.

"పొయ్యి మీద పెట్టినా చచ్చును గదా, మనము నీళ్ళు కూడా కాచియే త్రాగుచున్నాము గదా" అని మా ఇంటిలోనే ఒక కోడలు అడిగినది. మంచి ప్రశ్న. కంటికి అందిన ప్రాణిని తీసివేసిన తరువాత, కంటికి అందనిదానిని గురించి వంట జరుగును. చూడగలిగినది చూచుట మన చేతిలోని పని. దీనినే జయణ అన్నారు. వెనిగరు మన చూపునకు బదులు పనిచేయుటకు వచ్చినది; చిక్కు అక్కడనే ఉన్నది.

పోనీ, ఆరోగ్యమునకైనా అది చాలునా? చాలదు. వెనిగరు నీళ్ళు ఆకు మీది సూక్ష్మజీవులను కొంత తగ్గించును, పూర్తిగా తీయలేదు. ముడతలలో, గాటులలో చేరినవి మిగిలిపోవును. ఆకులోనికి ఇంకిన పురుగుమందును ఏ కడుగుడూ తీయలేదు. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ కూడా ఇంటిలో కూరలను కడుగుటకు పారే మంచినీటినే చెప్పుచున్నది. 1990, 1991 సంవత్సరములలో న్యూయార్కులో ఆచారవంతులైన యూదుల ఇండ్లలో కొందరికి మూర్ఛలు వచ్చినవి. పంది మాంసములో పెరిగే బద్దెపురుగు తాలూకు తిత్తులు వారి మెదడులో కనబడినవి. వారు పంది మాంసమును ముట్టనివారు! వంటయింటిలో పనిచేయు, కడుపులో ఆ పురుగు ఉన్నవారి చేతుల నుండి గుడ్లు ఆహారమునకు అంటియుండునని వైద్యులు 1992లో ప్రకటించినారు. మన దేశములోనూ మురికినీరు పారిన మడి ఆకును పచ్చిగా తిన్న శాకాహారికి ఈ రోగము రావచ్చును. మాంసము తినము గనుక మనకు భయము లేదనుకొనుట కూడదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వలన వచ్చిన రోగముతో 50 మందికి పైగా చనిపోయినారు. మొలకలను అనంతకాయమని మన ఇండ్లలో ఏనాడో దూరముంచినారు. ఆ కారణము వేరు. అయినను చెప్పక ఉండలేకపోయినాను.

ఆ యూదులే ఆకుకూరను వెలుతురులో ఆకు ఆకునా పరీక్షింతురు, పురుగు తినుట వారికి నిషేధము గనుక. మనకు తినుటయే గాక చంపుట కూడా నిషేధము. మన పరీక్ష వారికంటె మెత్తగా ఉండవద్దా?

మా ఇంటి పద్ధతి చెప్పుతాను. తోటకూర, మెంతికూర, పొన్నగంటి, ఏదైనను పగటి వెలుతురులోనే విప్పవలెను. దీపము క్రింద వద్దు. మట్టి ఉన్న వేళ్ళు ముందు కోసివేసి, కట్టను తెల్లని గుడ్డ మీద విదిలించవలెను. కదిలేది ఏదైనను తెలుపు మీద కనబడును. తరువాత ఆకును తిరగవేసి చూడవలెను. గుడ్లు అడుగువైపుననే ఉండును. గుడ్లున్న ఆకును త్రుంచి చెట్టు మొదట ఉంచవలెను. అటుపిమ్మట వడకట్టిన నీటిలో వేసి, నీరు ఒంపకుండ ఆకును పైకెత్తి మరొక పాత్రలోనికి మార్చవలెను. ఒంపినచో అడుగున దిగిన ఇసుక మరల ఆకు మీదికే వచ్చును. నీరు తేటపడు వరకు ఇట్లు మార్చవలెను. కోయుట కడిగిన తరువాతనే. ఆ నీరు అరటిచెట్టుకు పోయవలెను. కూరను బాగుగా ఉడికించవలెను. రోగమునకు అసలైన మందు పొయ్యియే. పైన చల్లే కొత్తిమీరను కూడా మా ఇంటిలో దించుటకు ముందే వేయుదురు. వాసన కొంచెం తగ్గును. తగ్గనీ.

ఇక అసలు మనవి. మనము ఆషాఢ చతుర్దశి నుండి కార్తీక చతుర్దశి వరకు ఆకుకూరలు విడుతుము. కొందరు ఫాల్గుణ చౌమాసీ నుండియే విడుతురు. వానకు జీవోత్పత్తి హెచ్చుననుటయే కారణము. మారవాడములోను, గుజరాతులోను కార్తీకమునకు ఆకాశము తేటపడును. మన ఆరణి సంగతి అట్లు కాదు. (పట్టుచీరల ఆరణి కాదు, పొన్నేరి దాపున ఏటి ఒడ్డునున్న మన ఆరణి.) ఇక్కడ ఆషాఢ శ్రావణములలో వానలు లేకపోలేదు గాని, సంవత్సరపు వానలో దాదాపు సగము అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురియును. పిచ్చాటూరు జలాశయము నిండి, ఊత్తుకోట మీదుగా ఏరు పొంగి వచ్చునది అప్పుడే. 2015 నవంబరు, డిసెంబరు నెలల వరదలు ఎవరు మరువగలరు? మడులలో మురుగు, మంచినీరు ఏకమగునది ఆ రోజులలోనే. సరిగా అప్పుడే మన చౌమాసము ముగియును, మనము కూరకట్టలకు చేయి చాచుతాము! అంగడిలో వెనిగరు సీసా అడుగుటయు అప్పటినుండియే.

మన పెద్దలు వర్తకమునకై దక్షిణమునకు వచ్చునపుడు పంచాంగమును తెచ్చినారు. వానను తేలేరు గదా. శాస్త్రమును మార్చుమని నేను అనుట లేదు, మార్చుటకు నేనెవడను? చౌమాసము ఎట్లున్నదో అట్లే ఉండనిచ్చి, కార్తీక పూర్ణిమ తరువాత మరికొన్ని దినములకు ఆకుకూర మట్టుకు పచ్చక్ఖాణ్ తీసుకొనవచ్చును. అందుకు ఏ గచ్ఛములోను అడ్డులేదు. గుమ్మడి, బీర, పొట్ల, అరటి ఉండనే ఉన్నవి. పప్పులకు మన అంగళ్ళలో కొదువలేదు.

కార్తీక చౌమాసీ ప్రతిక్రమణమునకు అందరము కూడినప్పుడు ఈ మాట ఎత్తవలెనని కోరుచున్నాను. మార్గశిర పూర్ణిమ వరకు చాలునా, సంక్రాంతి వరకు ఉండవలెనా అనునది వంటయింటి భారము మోయు అమ్మలే తేల్చి చెప్పుదురు గాక.