తార చూపవలసిన దారి



ఒకప్పుడు నటుని పేరు చూసి జనం సినిమాహాలుకు పరుగెత్తేవారు. నేడు హాలీవుడ్‌లో ఆ పేరు ఒక్కటే చాలడం లేదు. 2017లో అక్కడి నటీమణులు తమపై పెద్దమనుషులు చేసిన అకృత్యాలను బయటపెట్టినప్పుడు, తెర వెనుక చీకటి లోకానికి తెలిసింది. అభిమానుల మనసు విరిగింది. పాపం చేసినవారిదే. కాని మట్టి మనిషిని పీఠమెక్కించి మొక్కింది ఎవరు? చూసే మనమే కదా!

డొలోరెస్ హార్ట్‌ను తలచుకోండి. 1957లో ఎల్విస్ ప్రెస్లీతో నటించిన తార ఆమె. కీర్తి తనను విడిచేదాకా ఆగక, తానే దానిని విడిచి 1963లో కనెక్టికట్ రాష్ట్రంలోని బెనెడిక్టు సభ మఠంలో చేరింది. ఆ మఠమున్న ఊరి పేరు బెత్లెహేము!

జ్ఞానులను నడిపిన నక్షత్రం కూడా నాటి బెత్లెహేములోనే ఆగింది. తనను చూడమనలేదు, బాలయేసును చూపింది.

తల్లిదండ్రులారా, మన పిల్లలు మొదట చూసే తారలు మనమే. మన మాట, మన నడత వారిని ఎవరి దగ్గరకు నడిపిస్తున్నాయి? ఈ రాత్రి జపమాల చేతబట్టే ముందు ఈ ప్రశ్న వేసుకుందాం. మన వెలుగు ఆరిపోయినా, మనం చూపిన ప్రభువు వారికి మిగలాలి. ఆమెన్.