‘దేవమాత’: సమాసార్థం, విశ్వాసార్థం

ఉపోద్ఘాతం

బాన్సువాడ, మెదక్ రెండూ మంజీరా పరీవాహక ప్రాంతంలోనివే. మెదక్‌లోని ప్రసిద్ధ ప్రొటెస్టెంట్ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. మరియకు మొక్కులు చెల్లించే ఆచారం ఆ సంప్రదాయంలో లేదు. అయినా క్రీస్తు జననఘట్టాన్ని చిత్రించిన రంగుటద్దాల కిటికీ ఆ ఆలయంలో ఉంది. అదే 1924లో విజయవాడ చెంతనున్న గుణదల కొండపై కతోలిక గురువు ఆర్లాటి మరియ స్వరూపాన్ని నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరిలో జరిగే అక్కడి ఉత్సవాలకు అన్యమతస్థులు కూడా వస్తారు, తలనీలాలు సమర్పిస్తారు. ఒకే విశ్వాసంలో ఇంతటి ఆచారభేదం కనిపిస్తున్నప్పుడు, మరియను గురించిన సిద్ధాంతం క్రైస్తవానికి అనివార్యమా, లేక భక్తి చేర్చిన అలంకారమా అనే ప్రశ్న తలెత్తుతుంది. ‘దేవమాత’ అనే పదం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విగ్రహవాక్యం – సిద్ధాంతం

‘దేవమాత’ క్రైస్తవులు కల్పించిన పదం కాదు. సంస్కృత వాఙ్మయంలో అది అదితికి పేరు. అక్కడ విగ్రహవాక్యం ‘దేవతల యొక్క తల్లి’. క్రైస్తవ ప్రయోగంలోనూ ఇది షష్ఠీ తత్పురుషమే, కాని పూర్వపదం ఏకవచనం: ‘దేవుని యొక్క తల్లి’. దీనినే ‘దేవియైన తల్లి’ అని కర్మధారయంగా గ్రహిస్తే సిద్ధాంతమే మారిపోతుంది. తత్పురుషం కుమారుడెవరో చెబుతుంది; కర్మధారయం తల్లికి దైవత్వాన్ని ఆపాదిస్తుంది.

ఈ వివేచన క్రీ.శ. 5వ శతాబ్ది వివాదాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి నెస్తోరియస్ ‘థియోటోకోస్’ (దేవుని కన్నది) అనే గ్రీకు బిరుదును ఆక్షేపించి, ‘క్రిస్టోటోకోస్’ (క్రీస్తును కన్నది) అనడం ఉచితమన్నాడు. మానవస్త్రీ అనాది దైవానికి జన్మనివ్వడం ఎలా సాధ్యమన్నది అతని శంక. 431 నాటి ఎఫెసు మహాసభ అతని వాదాన్ని తిరస్కరించింది. దైవత్వానికి మరియ మూలమని ఆ సభ చెప్పలేదు. తల్లి కనేది ఒక స్వభావాన్ని కాదు, ఒక వ్యక్తిని. ఆ వ్యక్తి దేవుడైతే ఆమె దేవుని తల్లే. కాదంటే, ఆకలిగొన్నవాడూ సిలువపై మరణించినవాడూ కేవల మానవుడే అవుతాడు. దేవుడు మానవ దుఃఖానికి వెలుపలే మిగిలిపోతాడు. కనుక ఈ బిరుదు రక్షించేది దేవుడు మానవుడయ్యాడన్న మూలవిశ్వాసాన్ని.

ఆక్షేపణ – సమాధానం

దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని, మరియభక్తి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుందని ప్రొటెస్టెంట్ల ఆక్షేపణ. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. 1854లో ప్రకటితమైన నిష్కళంక జననం, 1950లో ప్రకటితమైన మోక్షారోపణం వారికి అంగీకారం కావు. అయినా ఎఫెసు నిర్ణయం వేరు: లూథరన్ సంప్రదాయానికి చెందిన 1577 నాటి విశ్వాసపత్రం కూడా మరియను దేవుని తల్లిగానే ఒప్పుకొంది. కతోలిక పక్షంలోనూ ఆత్మపరిశీలన జరిగింది. మరియను గురించి ప్రత్యేక పత్రం వెలువరించాలా, శ్రీసభను గురించిన పత్రంలోనే ఆమె ప్రస్తావనను చేర్చాలా అన్న అంశంపై రెండవ వాటికన్ మహాసభ 1963 అక్టోబరు 29న ఓటు వేసింది. 1114–1074 ఓట్లతో రెండవ పక్షమే నెగ్గింది. మరియను విడిగా కాక, సంబంధంలోనే చూడాలన్న వివేకం అందులో ఉంది.

తెలుగులో ఈ వివేకం మరింత అవసరం. 787 నాటి రెండవ నికేయా మహాసభ దేవునికి మాత్రమే చెల్లే ఆరాధననూ, పూజ్యులకు చేసే వందనాన్నీ వేరు చేసింది. మన ‘మొక్కు’ ఆ భేదాన్ని పాటించదు. తల్లిదండ్రులకూ, గురువుకూ, దేవునికీ మొక్కుతాం. అలాగే ‘గుణదలమాత’ అన్నప్పుడు ‘గుణదలలో వెలసిన మాత’ అనే మధ్యమపదలోపి సమాసం ఆమెను ఊరితో ముడివేస్తుంది. కుమారునితో గల సంబంధం మాటలో కనిపించదు. భక్తుల మొక్కును తప్పుపట్టనవసరం లేదు. ‘దేవమాత’లోని షష్ఠీ సంబంధం మరుగునపడితే మాత్రం, ఆ మొక్కుకు క్రైస్తవార్థం మిగలదు.

ముగింపు

మరియ సిద్ధాంతం క్రైస్తవ విశ్వాసానికి ముఖ్యమైనది, ఎందుకంటే అది ప్రధానంగా మరియను గురించినది కాదు. అయితే ఆమెను నిమిత్తమాత్రంగా చూడడమూ సరికాదు. లూకా సువార్త ప్రకారం దేవదూత సందేశాన్ని ఆమె ప్రశ్నించి, ఆపై సమ్మతించింది. ఒక పేదస్త్రీ సమ్మతితో, ఆమె రక్తమాంసాలతో దేవుడు మానవలోకంలో ప్రవేశించాడని నమ్మేవారు ఏ పేదస్త్రీ దేహాన్నీ, సమ్మతినీ తృణీకరించలేరు. మెదక్ కిటికీలోని జననఘట్టానికీ, గుణదల కొండపైని స్వరూపానికీ ఈ నైతిక బాధ్యత సమానమే.