తెలిసినవాని బేరము



కొనుటయు అమ్ముటయు లేని వారము మన జీవితములలో లేదు. ధాన్యము అమ్ముదుము; ఎద్దును కొందుము; పాత సామానులవాడు వీధిలోనికి వచ్చినప్పుడు తుప్పు పట్టిన ఇనుమును తూచి ఇత్తుము. బేరము లేని సంత లేదు. అయినను, "న్యాయమైన వెల యేది?" అని ఎవరైన అడిగినయెడల మనము తడబడుదుము. ధాన్యము విషయములో ఈ ప్రశ్న అంత కష్టము కాదు. పదిమంది అమ్ముదురు, పదిమంది కొందురు, పోల్చి చూచుకొనవచ్చును. కాని ఎక్కడను ధర వ్రాసియుండని వస్తువు సంగతి ఏమి? అమ్మువాడు దానిని చెత్తయని తలంచుచు, కొనువాడు దానిని నిధియని ఎరిగియున్నప్పుడు, వారిద్దరి మధ్య న్యాయము ఎక్కడ నిలుచును?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు మన ఊళ్లకు దూరమైన ఒక సంతను చూతము. అమెరికా, ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలో పాతకాలపు కంప్యూటర్ల భాగములను ఇంటర్నెట్టు ద్వారా కొని అమ్ముకొనువారు అనేకులు కలరు. సరుకు మనకు క్రొత్తదైనను, అక్కడ కనబడు మానవ స్వభావము క్రొత్తది కాదు. మన పిల్లలును ఇప్పుడు పాత సెల్ ఫోనులను, మోటారు సైకిళ్లను ఫోను తెరమీదనే బేరమాడుచున్నారు గనుక, ఆ సంతలోని పాఠము మనకును పనికివచ్చును.

మొదట ఆ సరుకేమో తెలిసికొందము. 1982లో అమెరికాలో కమొడోర్ 64 అను ఒక కంప్యూటరు బయలుదేరెను. దాని మొదటి వెల 595 డాలర్లు. ఇండ్లలో వాడుకొనుటకై చేయబడిన ఆ యంత్రము కోటికి పైగా అమ్ముడుపోయెను. దానిలో సంగీతము పలికించుటకు సిడ్ అను ఒక చిన్న చిప్పు కలదు. 1994లో ఆ కంపెనీ దివాలా తీసెను. దాని బదులు పెట్టుకొనుటకు వేరు సాధనములను కొందరు తయారుచేసిరి గాని, అసలు చిప్పులు మాత్రము ఉన్నవే ఉన్నవి. అవియు ఏటేట తగ్గిపోవుచున్నవి. ఏలయనగా ఆ యంత్రమునకు కరెంటు అందించు పెట్టె పాతబడి చెడినప్పుడు, ఉండవలసినదానికంటె హెచ్చు వోల్టేజి లోపలికి పోయి చిప్పులను కాల్చివేయును. మూతబడిన కంపెనీవారి ఆయిలింజనుకు ఒక భాగము కావలసివచ్చిన రైతు ఎట్లు ఊరూర విచారించునో, అట్లే ఆ చిప్పు కావలసినవారు దేశదేశములు వెదకుచున్నారు.

ఇటువంటి సరుకు అమ్ముడుపోవు పెద్ద సంతలలో ఈబే ఒకటి. దానిని పియెర్ ఒమిడ్యార్ అనునతడు 1995లో ప్రారంభించెను. అక్కడ మొదట అమ్ముడుపోయినది చెడిపోయిన ఒక లేజరు పాయింటరు, 14.83 డాలర్లకు పోయెను. వస్తువు చెడిపోయినదని మీకు తెలియునా అని అతడు కొన్నవానిని అడుగగా, చెడిపోయినవాటినే నేను కూడబెట్టుచున్నానని ఆ మనుష్యుడు జవాబిచ్చెనని చెప్పుదురు. ఇది నవ్వు పుట్టించు సంగతివలె ఉన్నను, మంచి బేరమునకు కావలసినవి రెండును దీనిలో కలవు. లోపము దాచబడలేదు, కొన్నవాడు తెలిసియే కొనెను. ఆ వెల హెచ్చో తగ్గో మనము చెప్పనక్కరలేదు. ఎవరును మోసపోలేదు.

అయితే అన్ని బేరములును అట్లు నడుచుట లేదు. అమ్మువారి పక్షమున జరుగు తప్పులు ముందుగా చూడుడి. పాత కంప్యూటరును అమ్ముచు "పరీక్షింపబడలేదు, ఉన్నది ఉన్నట్లు అమ్మబడును" అని వ్రాయుట అక్కడి వాడుక. నిజముగా పరీక్షించు సాధనము లేనివాడు అట్లు వ్రాసినయెడల అది సత్యమే. కాని కొందరు ఇంటిలో పరీక్షించి, అది చచ్చినదని తెలిసికొని, ఆ తరువాత ఈ మాట వ్రాయుదురు. ఒక్క అబద్ధపు మాటతో రెండు లాభములు: పనిచేయునేమో అను ఆశ కొనువానికి మిగులును, జవాబుదారీ అమ్మువానికి తప్పును. మరికొందరు వేరొక చిప్పు మీది అక్షరములను గీకివేసి, సిడ్ పేరు అచ్చువేసి అమ్ముదురు. లక్షలకొలది దొరకు వస్తువును "అరుదైనది" అని పిలుచువారికి లెక్కయే లేదు. ముసలి ఎద్దు కొమ్ములకు రంగువేసి సంతకు తోలుకొని వచ్చువానికిని వీరికిని భేదమేమి?

కొనువారి తప్పులు ఇంతకంటె తక్కువ కాదు గాని, వాటిని మనము సులభముగా క్షమించుదుము. కొనువాడు వ్రాయును: "ఇది పాత చెత్త. ఎవరికిని అక్కరలేదు. మీ యింటిలో చోటు ఖాళీ అగునని నేను తీసికొనిపోవుదును." ఆ సాయంకాలమే అదే వస్తువును ఇరువది రెట్ల వెలకు తానే అమ్మకమునకు పెట్టును. సామెతల గ్రంథము ఇరువదవ అధ్యాయము పదునాలుగవ వచనము మనకు తెలిసినదే. సరుకును నిందించి చేజిక్కించుకొని, కొంచెము దూరము పోయిన తరువాత అతిశయపడువాని స్వరూపము అక్కడ చిత్రింపబడియున్నది. అది వ్రాయబడిన నాడు చిప్పులు లేవు, డాలర్లు లేవు. ఆ మనుష్యుడు మాత్రము ఉండెను.

అట్లయిన బేరమాడుటయే పాపమా? ఒకప్పుడు అట్లు తలంచినవారు కలరు. పదునేడవ శతాబ్దములో ఇంగ్లండులోని క్వేకరు క్రైస్తవులు తమ అంగళ్లలో బేరము మానివేసిరి. పుచ్చుకొనదలచిన వెలకంటె హెచ్చు చెప్పుట అబద్ధమని వారి వాదము. కనుక ఒకే వెల చెప్పి, దానినే తీసికొనిరి. మొదట కొనువారు తగ్గిరి గాని, చిన్నపిల్లను పంపినను మోసము జరుగదని తెలిసిన తరువాత జనులు వారియొద్దకే వచ్చిరి. వారి మనస్సాక్షిని మనము గౌరవింపవలెను. కాని బట్టకును ఉప్పుకును ఒకే వెల పెట్టుట సాధ్యమైనట్లు, నలువది యేండ్లనాటి చిప్పునకు పెట్టుట సాధ్యము కాదు. దాని వెల ఎవరికిని ముందుగా తెలియదు. అక్కడ బేరమనగా ఇద్దరు మనుష్యులు కలిసి ఒక వెలను వెదకుట. నేను ఇంతవరకు ఇయ్యగలను అను సంగతిని కొనువాడు తన మనస్సులో ఉంచుకొనుట అబద్ధము కాదు. ఇంతకు తగ్గను అను సంగతిని అమ్మువాడు ఉంచుకొనుటయు అబద్ధము కాదు. తన సంచి సంగతి తనది. వస్తువునుగూర్చి పలుకు మాట మాత్రము ఇద్దరిది. అది సత్యమై యుండవలెను.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వచ్చితిమి. అబద్ధమాడక, కేవలము మౌనముగా ఉన్నవాని సంగతి ఏమి? అటక మీద దొరకిన చిప్పునకు ఒకరు అయిదు డాలర్లు అడిగిరి; దాని విలువ ఎరిగినవాడు ఒక్క మాటయు మాటలాడక అయిదు డాలర్లిచ్చి తీసికొనెను. అతడు మోసగాడా?

పదుమూడవ శతాబ్దమునాటి పండితుడు తోమా అక్వినాసు ఈ విషయమును శ్రద్ధగా విచారించెను. సరుకులోని దాగియున్న లోపమును అమ్మువాడు చెప్పితీరవలెనని అతని తీర్పు. రేపు మరికొంత ధాన్యము వచ్చునని తెలిసిన వర్తకుడు, నేటి ధరకు అమ్ముటకు ముందు ఆ సంగతి చెప్పుట మరి మంచిదే గాని, చెప్పకపోయినను న్యాయము తప్పినవాడు కాడనెను. అయితే ఒకడు తన బంగారమును రాగియని భ్రమపడి అమ్ముచుండగా, ఎరిగియే రాగి వెలకు కొనువాడు అన్యాయముగా కొన్నవాడనియు, తిరిగి ఇచ్చివేయవలసినవాడనియు చెప్పెను. ఈ రెంటికి గల భేదము గమనింపుడి. ధర మారునేమో అనునది రేపటి సంగతి. ఇది రాగియా బంగారమా అనునది చేతిలోనున్న వస్తువు సంగతి.

దీనికి ఎదురుగా బలమైన వాదము ఒకటి కలదు, దానిని త్రోసివేయకూడదు. "నేను ఈ చిప్పులనుగూర్చి ఇరువది యేండ్లు నేర్చుకొంటిని. నా డబ్బు, నా రాత్రులు దానికి పోయినవి. తెలిసినదంతయు ఉచితముగా చెప్పివేయవలెనన్నచో నేర్చుకొన్నవానికి లాభమేమి? నేను కొనకపోయినయెడల ఆ వస్తువు కొలిమిలోనికి పోవును" అని కొనువాడు చెప్పవచ్చును. ఈ కడపటి మాట నిజమే. పెంటియం ప్రో మొదలగు పాత చిప్పులలో కొంచెము బంగారము కలదు. పాత సామానులవారు వాటిని తూకమునకు కొని, ఆ బంగారము కొరకు కరగించివేయుదురు. ఎరిగినవాని కన్ను పడనియెడల మంచి వస్తువులును ఆ తూకములో కలిసిపోవును. కావున ఎరుక కూడ ఒక పనియే. పనివానికి కూలి ఇయ్యవలెను. దీనిని కాదనుట అన్యాయము.

కాని కూలి ఎంత? ఇక్కడ నిజముగా జరిగిన ఒక సంగతి మనకు దారి చూపును. స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్ అనువారు 1976లో ఆపిల్ 1 అను కంప్యూటరును 666.66 డాలర్ల వెలకు అమ్మకమునకు పెట్టిరి. అవి సుమారు 200 మాత్రమే చేయబడినవి. 2015లో కాలిఫోర్నియాలో, పాత ఎలక్ట్రానిక్ సామానులు సేకరించు ఒక సంస్థకు ఒక స్త్రీ కొన్ని పెట్టెలు తెచ్చి ఇచ్చి వెళ్లెను. భర్త మరణించిన తరువాత ఆమె ఇల్లు సర్దుకొనుచుండెను. రసీదు అక్కరలేదనెను, తన పేరును చిరునామాయు ఇయ్యలేదు. కొన్ని వారముల తరువాత పెట్టెలు విప్పగా, వాటిలో ఆపిల్ 1 ఒకటి కనబడెను. సంస్థవారు దానిని 2,00,000 డాలర్లకు అమ్మిరి. అమ్మి ఊరకుండలేదు. సగము, అనగా 1,00,000 డాలర్లు, ఆమెది అనియు, ఆమెకొరకు వెదకుచున్నామనియు పత్రికల ద్వారా తెలియజేసిరి.

ఆమె తనంతట తానే ఇచ్చి వెళ్లెను. అడిగినది ఏమియు లేదు. వారు మౌనముగా ఉండినయెడల ఎవరికిని తెలియకుండెడిది. అయినను, ఎరుకకు సగము, యజమానురాలికి సగము అని వారు లెక్క కట్టిరి. అన్ని బేరములకును సగము సగమే న్యాయమని నేను చెప్పను. కాని దానిలోని సూత్రము సరియైనది. ఎరిగినవానికి తన ఎరుకకు తగిన భాగము చెందును. ఎరుగనివాని సొత్తంతయు చెందదు.

లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయములో భూమి అమ్మకమునుగూర్చిన ఏర్పాటు ఇట్టిదే. సునాద సంవత్సరమునకు ఇంక ఎన్ని పంటలు మిగిలియున్నవో లెక్కించి, దానినిబట్టి వెల కట్టవలెను. కొనువాడు గాని అమ్మువాడు గాని ఒకరినొకరు బాధింపరాదు. వెల అనునది వస్తువులో నిజముగా మిగిలియున్న మేలునుబట్టి ఉండవలెను గాని, ఎదుటివాని అక్కరనుబట్టి, అజ్ఞానమునుబట్టి ఉండరాదు. పాత చిప్పునకును ఈ కొలత చాలును. అది పనిచేయునా? ఎంతకాలము పనిచేయును? అటువంటివి ఇటీవల ఎంతకు పోయినవి? అమ్మువారు అడుగుచున్న వెలలు గాక, నిజముగా అమ్ముడుపోయిన వెలలు కూడ ఈబేలో చూడవచ్చును. ఎరుగని అమ్మకందారునితో, "ముందుగా వాటిని చూడుము, తరువాత నీ వెల చెప్పుము" అని చెప్పుటకు నిమిషము పట్టదు.

ఎదుట నిలిచినవాడు ఎవడో కూడ ఆలోచింపవలెను. ఇద్దరు వర్తకులు వేలములో ఒకరిపై ఒకరు పాట పెంచుకొనుచున్నప్పుడు, ఎవని తెలివి వానిది; ఇద్దరును తెలిసియే దిగినవారు. కాని భర్త వస్తువులను ఏమి చేయవలెనో తోచక అమ్ముచున్న విధవరాలు, ఫీజు కట్టుటకై తండ్రి కంప్యూటరును అమ్మబోవు విద్యార్థి, "మీరే చెప్పండి, ఇది ఎంత చేయును?" అని అడుగు ముసలివాడు, వీరు మనతో బేరమాడుట లేదు, మనలను నమ్ముచున్నారు. వారు అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుట దొంగతనము. వారు అడుగవలెనని కూడ ఎరుగని ప్రశ్నకు మౌనముగా ఉండుట దాని తోబుట్టువు.

బేరము ముగియకముందు ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనుటకు ఒక మార్గము కలదు. "ఈ వస్తువునుగూర్చి నాకు తెలిసినదంతయు రేపు ఈ మనుష్యునికి తెలిసినయెడల, ఎల్లుండి సంతలో ఇతడు ఎదురుపడినప్పుడు నేను ప్రక్క సందులోనికి తిరిగిపోవలసి వచ్చునా?" తిరుగనక్కరలేనియెడల ఆ వెల హెచ్చైనను తగ్గైనను న్యాయమే. తిరుగవలసివచ్చినయెడల, డబ్బు చేతులు మారకముందే నోరు విప్పవలెను. ఇంటర్నెట్టు సంతలో ఎదుటివాని ముఖము కనబడదు, అతడు మరల ఎదురుపడడు. కనుకనే ఈ ప్రశ్నను అక్కడ మరి గట్టిగా వేసికొనవలెను.