కర్మఫలమూ పరుల బాధ్యతా

మనోవ్యధ పూర్వకర్మ ఫలమేనని నమ్మే సమాజంలో, ఆ వ్యధలో ఉన్న మనిషిని ఆదుకోవలసిన బాధ్యత ఇతరులకు ఉన్నదా, లేక ఎవరి కర్మను వారే అనుభవించి తీర్చుకోవాలా అన్న ప్రశ్న తెలుగునాట పండితుల వాదానికే పరిమితమైనది కాదు; రోగిని వైద్యుని వద్దకు తీసుకుపోవాలా, గుడికో దర్గాకో తీసుకుపోవాలా, అసలు సంగతిని గడప దాటనివ్వకూడదా అన్న నిర్ణయం అనేక కుటుంబాలలో దానికి దొరికే సమాధానాన్ని బట్టే జరుగుతున్నది.

ఈ విషయంలో ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత వైఖరి విచిత్రమైనది. అది చికిత్సను మూడు విధాలుగా విభజించింది: మంత్రం, హోమం, ఉపవాసం వంటివాటితో చేసేది దైవవ్యపాశ్రయం, ఆహార ఔషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం, మనస్సును అహితమైన విషయాల నుండి మళ్లించేది సత్త్వావజయం. పూజకూ మందుకూ ఒకే వరుసలో చోటిచ్చిన ఈ గ్రంథమే, బుద్ధీ స్మృతీ ప్రవర్తనా చెదిరిపోయే ఉన్మాదాన్ని గురించి నిదానస్థానమనే భాగంలో చెబుతూ, దేవతలనో పిశాచాలనో నిందించరాదనీ, వివేకం దారితప్పి మనిషి చేసే ప్రజ్ఞాపరాధమే దానికి మూలమనీ నిర్ణయించింది. దయ్యం మీది నింద తొలగింది గాని, అది వచ్చి రోగి తలమీదనే పడింది. అయితే విమానస్థానమనే మరో భాగంలో, ఆయుర్దాయం దైవం మీదనే గాక పురుషకారం మీద, అంటే ఈ జన్మలోని మానవప్రయత్నం మీద కూడా ఆధారపడుతుందనీ, అంతా ముందే నిర్ణయమై ఉంటే వైద్యానికే పని లేదనీ అదే గ్రంథం వాదించింది. కర్మను కారణంగా అంగీకరించినవారు కూడా దానిని చికిత్స మానడానికి సాకుగా చూపడం ఈ వాదంతో పొసగదు.

దైవం చేతికి రోగిని పూర్తిగా అప్పగించినప్పుడు ఏమి జరగగలదో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపింది. దర్గా సమీపాన, రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఒక ఆశ్రయంలో నిప్పంటుకుని 28 మంది మరణించారు. ఇందులో తప్పు భక్తిది కాదు, భక్తి పేరిట చికిత్సనూ స్వేచ్ఛనూ తీసివేయడానిది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను ఏ రూపంలోనైనా నిషేధించింది. అంతకన్నా ముఖ్యంగా, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి, మరోలా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలనీ, సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అనీ 115వ సెక్షన్‌లో పేర్కొన్నది. చరకసంహిత అపరాధమన్న చోట శాసనం ఆర్తిని చూసింది. ఈ ఒక్క అంశంలో శాసనం ఆ శాస్త్రం కన్నా కరుణ గలది.

ఆ విధిని నెరవేర్చే మార్గాలలో ఒకటి 2022 అక్టోబర్ 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు వింటారు, అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు అప్పగిస్తారు, పిలిచినవారి పాపపుణ్యాల లెక్క మాత్రం ఎవరూ అడగరు. నేరుగా వైద్యం కావలసినవారికి హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఫోన్ చేసేది బాధితులే కానక్కరలేదు, వారిని చూసి కలవరపడిన బంధువైనా స్నేహితుడైనా చేయవచ్చు; ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్నదనిపిస్తే మనిషిని ఒంటరిగా వదలక 112కు గాని 108కు గాని వెంటనే ఫోన్ చేయాలి.