పితృస్మరణము – వైష్ణవధర్మము

ఆత్మ నిత్యమని ఎరిగిన వైష్ణవునకు తండ్రి పరమపదించినపుడు కన్నీరు తగునా? ఈ సందేహము ఇంటింట కలుగుచున్నది.

శ్రీరామచంద్రుడు చిత్రకూటమున దశరథమహారాజు మరణవార్త విని మూర్ఛిల్లెను. పిదప మందాకినీతీరమున గారపిండిని రేగుపండ్లతో కలిపి పిండప్రదానము గావించెను. కావున కన్నీరు తగును. అంతటితో నిలుచుట తగదు.

మన తెలుగునాట తాళ్లపాకవారి చరిత్రము ఇందుకు చక్కని నిదర్శనము. అన్నమాచార్యులవారు 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించిరి. కుమారులు పెదతిరుమలాచార్యులవారు ఆ తిథినాడు తండ్రిని పేరెత్తి పిలిచి, స్వామితోడను అనంతగరుడాది నిత్యసూరులతోడను ఆరగింప విచ్చేయుమని కీర్తన రచించిరి. అందు పోయినవానికై విలాపము లేదు. రానున్న అతిథికి ఆహ్వానమున్నది. మనుమడు చినతిరువేంగళనాథుడు తాతగారి చరిత్రమును ద్విపదలో కూర్చెను. ఆయన వ్రాయకుండినచో అన్నమయ్య జీవితము మనకు ఇంతగా తెలియకుండెడిది.

భాగ్యనగరమున మన్సూరాబాదువంటి పేటలలో ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన గృహస్థులకు స్వగ్రామమందలి బంధువులు, పురోహితులు అందుబాటున లేకపోవచ్చును. అంతమాత్రమున శ్రాద్ధము మానరాదు. అడవిలో రాముడు దొరకినదానితోనే తండ్రిని తృప్తిపరచెను గదా! యథాశక్తి విధి నెరవేర్చి, ఆ సాయంకాలము మనుమలను చేరదీసి, తాతగారు ఏ పాశురము నేర్పిరో, ఎవరిని ఆదుకొనిరో చెప్పవలెను. తర్పణమున తండ్రి, తాత, ముత్తాతల నామగోత్రములు పలుకుదుము. ఆ నామముల వెనుకనున్న శీలమును పిల్లలకు అందించుటయు పితృఋణము తీర్చుటలో భాగమే. అట్టి స్మరణము శ్రీనివాసునకు ప్రీతికరమగు గాక!