తేదీ దాటిన తిండి

మధ్యతరగతి ఇళ్ళలో, మనబోటి ఉపాధ్యాయుల ఇళ్ళతో సహా, తరచు జరిగే సంగతి ఇది. అలమర సర్దుతుంటే బిస్కట్ల పాకెట్టు ఒకటి బయటపడుతుంది. తేదీ దాటిపోయింది. మన పిల్లలకు పెట్టం. పారేయడానికి మనసొప్పదు. పనిమనిషి చేతిలో పెట్టి, మంచిపని చేశామనుకుంటాం. యీ మంచితనం ఏపాటిదో విచారించవలసి వుంది.

ముందుగా ఆ తేదీ ఏమి చెబుతున్నదో తెలుసుకోవాలి. మన దేశంలో 2020 నాటి లేబులింగు నిబంధనల ప్రకారం గడువులు రెండు రకాలు. ‘యూజ్ బై’ లేక ‘ఎక్స్‌పైరీ’ అన్న తేదీ దాటితే ఆ పదార్థాన్ని అమ్మకూడదు, తినకూడదు. కొన్ని మినహాయింపులు వున్నా, దీన్ని ముద్రించడం తప్పనిసరి. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు సంబంధించిన మాట. ముద్రించడం తయారీదారు ఇష్టం. చెప్పిన విధంగా నిలవచేస్తే, ఆ తేదీ దాటాక రుచి తగ్గినా పదార్థం తినడానికి యోగ్యంగానే వుండవచ్చు.

ఇప్పుడు మన దానాన్ని పరీక్షించుదాం. దాటినది మొదటి గడువైతే, మన పిల్లలకు ప్రమాదమైన తిండి పనిమనిషి పిల్లలకు క్షేమం ఎలా అవుతుంది? దాటినది రెండవ గడువైతే, అది తినదగిన తిండే. మన పిల్లలకు ఎందుకు పెట్టలేదు? ఎటు చూసినా, వారి కడుపులు వేరు, మన కడుపులు వేరు అన్న నమ్మకమే యీ దానానికి పునాది.

‘అయితే పారేయమంటారా?’ అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో 60 శాతం ఇళ్ళలోనే పోయిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా వేసింది. కాని వృథాను అరికట్టే భారం పేదల కడుపుమీద మోపడం న్యాయం కాదు. తినదగినదైతే మనమూ తిందాం. తేదీ సంగతి చెప్పి, ఇష్టమైతేనే తీసుకోమని పంచుదాం.

చెప్పడం ఎందుకంటే, ఆ అక్షరాలు ఆమెవి కావు. లేబులు ఇంగ్లీషులోగాని హిందీలోగాని వుంటే చట్టానికి చాలు. తెలుగు వుండితీరాలన్న నియమం లేదు. తన నోటిలోకి పోయే తిండిని గురించి తన భాషలో తెలుసుకునే హక్కు లేని మనిషికి, ఇచ్చేవాడి మాటే ఆధారం. ఆ మాట దాచి ఇచ్చినది దానం కాదు.

లేబులు మీద తెలుగు వుండాలని అడగడం, ఆమె తనకు నచ్చిన పాకెట్టు తానే కొనుక్కోగల జీతం ఇవ్వడం మన దయ కాదు, మన బాధ్యత.