వైద్యుని చిరునవ్వు – మన ఋణము

వైద్యునియందు నారాయణుని చూడవలెనని పెద్దల మాట. శ్రీవిష్ణుసహస్రనామములలో ‘భేషజమ్’, ‘భిషక్’ అను నామములు వెంటవెంటనే వచ్చుచున్నవి. మందును స్వామియే, మందిచ్చువాడును స్వామియే. కావున మంచి వైద్యుడు కన్నుమూసినపుడు ఊరికి కలుగు దుఃఖము కేవలము లౌకికము కాదు.

ఆ వైద్యుడు దయాళువే గాక హాస్యప్రియుడు కూడ అయినచో ఒక ధర్మసందేహము పుట్టును. పల్నాటిలోని మాచవరము వంటి ఊరిలో అట్టివాడొకడు గతించెననుకొందము. పరామర్శకు వచ్చినవారు అరుగుమీద కూర్చుండి ఆయన మాటలనే తలచుకొందురు. జ్వరముతో మూలుగుచు “నేను పోతానా, బాబూ?” అని అడిగిన అవ్వకు, “ఎక్కడికి పోతావు అవ్వా? పిడుగురాళ్ల బస్సు పొద్దుననే వెళ్లిపోయిందిగా!” అని ఆయన బదులు చెప్పిన సంగతి ఒకరు ఎత్తుకొందురు. అందరును నవ్వుదురు, మరుక్షణమే కన్నులు తుడుచుకొందురు. చావింట నవ్వుట అపచారము కాదా యని ఒక వృద్ధుడు కోపించును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు.

ఆ నవ్వు ఎట్టిదో తెలిసినగాని సమాధానము దొరకదు. రోగములో సగము భయమే. పల్నాటిని గూర్చి శ్రీనాథుడు చెప్పినదిగా ప్రసిద్ధమైన చాటువొకటి అచటి రాళ్లను, జొన్నకూటిని, పాములను, తేళ్లను లెక్కించి నవ్వించును. అట్టి నేలపై మిరపచేలలోను, పత్తిచేలలోను కాలు మోపి బ్రతుకువారికి వైద్యుని ముఖమున చిరునవ్వు కనబడుటయే మొదటి మందు. అది అభయప్రదానము.

ఐనను నవ్వు అసత్యమునకు ముసుగు కారాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్కునకు సంబంధించిన తపస్సు చెప్పబడినది. మాట ఇతరులను కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది కావలెను. జ్వరము తగ్గునని తెలిసి ఆడిన ఆ బస్సుమాట ఈ నాలుగింటికిని నిలుచును. తగ్గదని తెలిసినచోట అదే మాట వంచన యగును. చరకసంహిత వైద్యవృత్తిని నాలుగు విధములుగా చెప్పినది: ప్రాణులయెడ మైత్రి, ఆర్తులయెడ కారుణ్యము, సాధ్యరోగులయెడ ప్రీతి, మరణోన్ముఖులయెడ ఉపేక్ష. ఉపేక్ష యనగా రోగిని విడిచిపెట్టుట కాదు. గెలువవలెనను పంతమును విడిచి నిబ్బరముగా ప్రక్కన నిలుచుట. అచట హాస్యమెరిగినవాడు మౌనము వహించి చేయి పట్టుకొని కూర్చుండును.

వినువారి మనస్సు కూడ ఎరుగవలెను. భాగవతము దశమస్కంధమున శ్రీకృష్ణుని పరిహాసమును నిజమని తలచి రుక్మిణీదేవి మూర్ఛిల్లినది. స్వామి వెంటనే పాన్పు దిగి, ఆమెను లేవనెత్తి, కన్నీరు తుడిచి ఓదార్చెను. పరిహాసమాడినవాడే కన్నీరు తుడువవలెనని ఆ కథ నేర్పుచున్నది.

ఇట్టి హద్దులెరిగి నవ్వించినవానిని తలచి నవ్వుట అపచారము కాదు. ఆయన ఇచ్చిన అభయమే వారి నోట మరల పలుకుచున్నది. కాని అంతటితో ఋణము తీరునా? హాస్యపు మాటలు తలచుకొనుట సులభము. అర్ధరాత్రి పిలుపునకు లేచిన శ్రమను, డబ్బు లేనివానిని సిగ్గుపడనీయని సౌజన్యమును మరచుట అంతకన్న సులభము. నవ్వు మాత్రమే మిగిలి దయ మరుగుపడినచో అదియే నిజమైన అపచారము.

ఇందుకు గుంటూరులోని ఒక ఉదాహరణము స్మరణీయము. 1883లో అమెరికా నుండి అచటికి వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1930లో ఆ ఊరనే కన్నుమూసినది. ఆమె మతము వేరు, దేశము వేరు. ఐనను ఆమె చికిత్సకు కృతజ్ఞుడైన ఏలూరు రాజా, రోగుల బంధువులు తలదాచుకొనుటకై ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించెను. తాను పొందిన మేలును ఆయన పరులకు నీడగా మార్చెను.

సత్రము కట్టింపలేనివారు చేయదగిన పనియు కలదు. తోడులేని ముసలివానిని బస్సెక్కించి ఆసుపత్రికి కొనిపోవచ్చును. చదువురానివారికి మందుచీటి చదివి చెప్పవచ్చును. మంచమెక్కినవాని యెదుట భయపెట్టు మాటలు మాని రెండు చల్లని మాటలాడవచ్చును. చాపకూటి పంక్తిలో కులభేదము పాటింపని బ్రహ్మనాయుని సీమ యిది. మంచి వైద్యుని వాకిటి బల్లయు అట్టి పంక్తియే. దానిని ఖాళీగా ఉంచకుండుటయే ఆయనకు నిజమైన నివాళి.

అట్టి బుద్ధిని మాచెర్ల శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి మనకందరకును ప్రసాదించుగాక!